తులసి కింద బాగ్దాదు పంతులుగారు

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. ఇది రాయడానికి కూర్చున్నాక కూడా ఎన్నిసార్లు లేచి వరండాలోకి వెళ్లి వచ్చానో. వీధిలో చూడ్డానికి ఏమీ లేదు. యాంగాన్‌లో మా పబేడాన్ పేటలో మధ్యాహ్నం పూట ఇంత నిశ్శబ్దం ఉండకూడదు. ఉల్లిపాయలవాడి కేక, సైడుకారు రిక్షా గంట, కింది కొట్లో కుట్టుమిషను చప్పుడు ఉండాలి. సైన్యం మళ్లీ గద్దెనెక్కాక అందరూ పొద్దున్నే పనులు ముగించుకుని తలుపులు వేసుకుంటున్నారు. ఉన్నపళాన వెళ్లాల్సివస్తే పట్టుకుపోవడానికి నా తలుపు పక్కన ఒక గుడ్డసంచి ఉంది. అందులో రెండు జతల బట్టలు, గుర్తింపు కాగితాలు, మందులు, టార్చిలైటు. మా మేడలో ప్రతి ఇంట్లోనూ అలాంటి సంచి ఒకటి ఉంది, కానీ ఒకరిది ఒకరికి చూపించుకోం. బ్యాంకాక్‌లో ఉన్న నా కూతురు ఫోను చేస్తే ముందు ఆ సంచి సంగతి అడుగుతుంది, తరవాత నా ఒంటి సంగతి అడుగుతుంది. వచ్చేయమంటుంది. వస్తానంటాను. ఫోను పెట్టేసి మళ్లీ వరండాలోకి వెళ్తాను.

పోయిన నెల వానలో తడుస్తూ లియా అనే అమ్మాయి మా మెట్లెక్కి వచ్చింది. పక్కవీధిలో ఉన్న యూదుల గుడి కాపలావాడు పంపించాడట. ఒకప్పుడు మా మేడ మొదటి అంతస్తులో ఉండిన ఎస్తేరమ్మకి ఆమె మనవరాలు. ఎక్కడో లండన్‌లో పుట్టింది. వాళ్ల నాన్న, అంటే ఎస్తేరమ్మ కొడుకు, ఈ మధ్యనే పోయాడట. పోయేముందు తల్లి సమాధి ఎక్కడుందో చూసి రమ్మన్నాడు, ఇంకొకటి కూడా అడిగాడు. మా అమ్మ దగ్గర ఒక పుస్తకం ఉండేది, బాగ్దాదు రబ్బీ, అంటే మా మతగురువు, ఆయన ప్రసంగాలు, చాలా పెద్దది, అది ఏమైందో కనుక్కో అన్నాడు. ఆ అమ్మాయికి బర్మీస్ రాదు, నాకొచ్చింది బజారు ఇంగ్లీషు. అయినా ఆ ప్రశ్న నాకు బాగానే అర్థమైంది. వరండా మూలనున్న తులసి డ్రమ్ము కేసి చూశాను. ఆమె కూడా అటే చూసి, ఏమీ తోచక, మొక్క బాగుంది అంది.

ఆ మొక్క కథ చెప్పాలంటే మా నాయనమ్మ నుంచి మొదలుపెట్టాలి. ఆమె పేరు అప్పలనర్సమ్మ. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక ఓడెక్కి రంగం వచ్చింది. యాంగాన్ అనే మాట ఆమె నోట ఏనాడూ రాలేదు, చివరిదాకా రంగమే. తాత ఓడరేవులో కూలీలకి మేస్త్రీగా చేసి, నాలుగు డబ్బులు కూడబెట్టి, లమ్మడా పేటలో చిన్న బట్టల కొట్టు పెట్టాడు. ఆ కొట్టు నాన్న చేతికి వచ్చాక సర్కారు తీసేసుకుంది. మావాళ్లు చాలామంది ఆ రోజుల్లోనే ఓడలెక్కి వెళ్లిపోయారు. నాన్న కూడా వెళ్లాలనే ఇనప్పెట్టె సర్ది, కొబ్బరితాడుతో కట్టి తలుపు పక్కన పెట్టాడు. ఏదో కాగితం రాలేదు, తరవాత ఓడ రాలేదు, ఆ తరవాత అమ్మకి ఒంట్లో బాగాలేదు. అమ్మ పోయింది, నేను పెరిగాను, పెట్టె మాత్రం అక్కడే ఉంది. వర్షాకాలం వెళ్లాక ఏటా నాన్న తాడు విప్పి, బట్టలు ఎండలో వేసి, మళ్లీ సర్ది, మళ్లీ కట్టేవాడు. మా ఇంట్లో గోడకి మేకు కొట్టనిచ్చేవాడు కాదు. వెళ్లిపోయే ఇంటికి మేకులెందుకు అనేవాడు. నాయనమ్మ వెంకన్నబాబు పటం కూడా పీటమీద గోడకి ఆనించి ఉండేది, బస్సు పోతే అదిరి పక్కకి వాలేది.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ ముక్కుకి తెలుసు. పొద్దున్నే కింది వీధిలోంచి మొహింగా చేపల పులుసు ఆవిరి పైకొచ్చేది. నాయనమ్మ అది రానివ్వకుండా కిటికీ మూసి సాంబ్రాణి వేసేది, తరవాత తనే కిటికీ తెరిచి తాడుకి గిన్నె కట్టి కిందకి దింపి నాకోసం అదే తెప్పించేది. మా వీధిలో ప్రతి వరండా నుంచీ ఒక తాడు వేలాడుతుంది, చివర ఒక క్లిప్పు. పేపరు, కూర, తాళాలు, ఏదైనా దానిమీదే ఎక్కి దిగాలి. నాయనమ్మ తాడు మీద శుక్రవారం నాడు వత్తులు దిగేవి. దూదితో ఆమె చేసిన వత్తులు, సన్నగా, బిగువుగా, వెదురుబద్ద మీద ఎండబెట్టినవి. మొదటి అంతస్తు వరండాలో ఎస్తేరమ్మ చెయ్యి చాచి అందుకునేది. ఆమె ఇంట్లో పైనుంచి వేలాడే గాజు దీపం ఒకటుండేది. అడుగున నీళ్లు, పైన నువ్వులనూనె, అందులో వత్తి. సూర్యుడు దిగేముందు వెలిగిస్తే ఇక దాన్ని ముట్టుకోకూడదు. మర్నాడు సాయంత్రందాకా వాళ్లకి దేవుడు పెట్టిన విశ్రాంతి రోజు, ఆమె పొయ్యి వెలిగించదు, వండదు, కుట్టదు, స్విచ్చి వెయ్యదు.

శనివారం నాయనమ్మకి వెంకన్నబాబు ఉపవాసం. ఒంటిపూట, అదీ పొద్దు వాలాక. అంచేత ఆ ఒక్కరోజు మేడ మొత్తంలో ఇద్దరు ఆడవాళ్లు వంటపని లేకుండా ఖాళీగా ఉండేవారు, ఒకరు కిందా ఒకరు పైనా. ఈ స్నేహం ఎలా మొదలైందని అడిగితే నాయనమ్మ అదే చెప్పేది, పనిలేక అని. మధ్యాహ్నం ఆమె కిందకి దిగేది, నన్నూ వెంటబెట్టుకునేది. ఎస్తేరమ్మని చిన్నప్పుడు పెంచిన ఆయా తెలుగు మనిషి. అందుకని బాగ్దాదు యూదుల మనవరాలు అచ్చం మా నాయనమ్మ భాషే మాట్లాడేది, మధ్యలో బర్మా మాటలు కలిపి. ఆమె కొడుకు మా కొట్టు పోయిన రోజుల్లోనే దేశం దాటాడు. ఉత్తరాలు కొన్నాళ్లు వచ్చి, సర్కారువాళ్లు తెరిచి అతికించినవి వచ్చి, తరవాత రావడం మానేశాయి. రమ్మంటే తనెందుకు వెళ్లలేదో ఎస్తేరమ్మ ఎవరికీ చెప్పలేదు. శనివారం రాయడం నిషేధం, కాబట్టి ఆరోజు ఉత్తరం గురించి బెంగ ఉండదు అనేది. మిగతా రోజుల్లో పోస్టువాడి కోసం మెట్లదగ్గర తచ్చాడుతూ ఉండేది. ఆ విషయంలో నాన్నా ఆమే ఒకటే.

శనివారం చదివే పుస్తకం అది. రెండు చేతులా పట్టుకుంటే తప్ప లేవదు. తోలు అట్ట, దానికి ఇత్తడి గొళ్లేలు. ఎస్తేరమ్మ తాత చిన్నపిల్లాడిగా బాగ్దాదులో ఆ రబ్బీ ప్రసంగం విన్నాడట. గుడి లోపల చోటు చాలక మిద్దెల మీద కూర్చుని వినేవారట జనం. ప్రతి శనివారం ఆ వారం చదవాల్సిన గ్రంథభాగంలోంచి ఒక వాక్యం తీసుకుని, దానిమీద ఒక ప్రశ్న వేసి, ప్రశ్నకి జవాబుగా ఒక కథ చెప్పి, చివరికి వంటింట్లోకి దిగేవాడట ఆయన. చల్లారిన వంటని ఎలా వెచ్చబెట్టుకోవచ్చు, పిండి పిసికినప్పుడు ఎంత ముద్ద తీసి నిప్పులో వెయ్యాలి, చేతులు ఎలా కడగాలి. పండితుల కోసం పెద్ద భాషలో కూడా రాశాడు గానీ, ఈ పుస్తకం ఇళ్లలో మాట్లాడుకునే అరబ్బీలో, తమ లిపిలోనే, ఆడవాళ్లు చదువుకోవడానికి రాశాడని ఎస్తేరమ్మకి గొప్ప. నాయనమ్మకి రబ్బీ అనే మాట నోరు తిరగలేదు. బాగ్దాదు పంతులుగారు అనేది. పిండిముద్ద నిప్పులో వెయ్యమన్నాడంటే ఈయనెవరో మనోడేనే అని నాతో గొణిగేది. ఎస్తేరమ్మ ఒక వాక్యం చదివి, తెలుగులో చెప్పి, మళ్లీ ఒకటి చదివేది. నాయనమ్మ మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వేసేది, కృష్ణుడి కథలు కలిపేది. నేను కాళ్లు కదుపుతూ కిటికీ, తలుపు చూసుకుంటూ ఉండేదాన్ని. వినడం లేదనుకునేవారు, కానీ అన్నీ విన్నాను.

అన్నిట్లోకీ నాకు గుర్తుండిపోయింది మేకు కథ. ఒక శనివారం ఎస్తేరమ్మ మా మూలానే చెప్పిందో, తన మూలానే చెప్పిందో తెలియదు.

"బాగ్దాదులో ఒకడుండేవోడంట అప్పలమ్మా. యెరూషలేము ఎల్లిపోతాను, రేపో మాపో ఎల్లిపోతాను అని గోడకి మేకు కొట్టలేదు. మేకు కొడితే దీపం ఏలాడదియ్యాల, దీపం ఎలిగిస్తే అది ఇల్లయిపోద్ది గదా. అలాగే సీకట్లో కూకుని ముసిలోడైపోనాడు. మా రబ్బీ ఏటంటాడంటే, మేకు కొట్టు నాయనా. ఎల్లాల్సొస్తే ఎల్లు. మేకు నీది కాదు, నీ ఎనకొచ్చేవోడిది."

నాయనమ్మ పైకొచ్చి ఆ కథ నాన్నకి చెప్పింది. నాన్న విని, బాగుంది అని, పెట్టె తాడు ఒకసారి లాగి చూసుకుని, అన్నం పెట్టమన్నాడు.

ఆ పుస్తకం మూలంగా ఇద్దరికీ ఒకసారి మాటలు పోయాయి. ఒక ఏడాది వానలకి ఎస్తేరమ్మ గోడలు చెమ్మపట్టి, పుస్తకం బూజెక్కుతోందని మా ఇంట్లో ఉంచమంది. ఇంతలో దసరా వచ్చింది. సరస్వతీ పూజకి నా బడి పుస్తకాలు పీటమీద పెడుతూ నాయనమ్మ, చదువులన్నిట్లోకీ పెద్దది ఇదే కదా అని, దాన్ని అన్నిటికంటే పైన పెట్టింది. అట్టకి పసుపు రాసింది, కుంకం బొట్టు పెట్టింది, బంతిపువ్వు పెట్టింది, హారతి ఇచ్చింది. ఇంతకంటే మర్యాద ఆమెకి తెలియదు. ఆ సాయంత్రం ఎస్తేరమ్మ పుస్తకం కోసం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. పువ్వు తీసి పక్కన పెట్టింది, గౌను అంచుతో అట్ట తుడిచింది. పసుపు పోయింది గానీ కుంకం తోలులోకి ఇంకిపోయింది. వెళ్తూ, వస్తువుకి మొక్కొద్దని ఈ పుస్తకంలో ఎన్ని సోట్ల రాసుందో నీకు సదివి ఇనిపించినాను గదా అప్పలమ్మా అంది. నాయనమ్మ తెల్లబోయింది. మొక్కకపోతే దానికి మర్యాదేటి అని నన్ను అడిగింది. ఆ శనివారం కిందకి దిగలేదు. మళ్లీ శుక్రవారం వచ్చాక, పొద్దు వాలుతుంటే వరండాలోకీ ఇంట్లోకీ తిరిగి తిరిగి, చివరికి వత్తులు క్లిప్పుకి పెట్టి తాడు వదిలింది. కిందనుంచి చాలాసేపు ఎవరూ అందుకోలేదు. తరవాత తాడు ఒకసారి గట్టిగా లాగినట్టయింది, తేలికై పైకి వచ్చింది.

ఎస్తేరమ్మ దగ్గర ఒక తలగడ గలీబు ఉండేది. పుస్తకంలోంచి పేజీ ఊడినా, అంచు విరిగినా, ఆ ముక్క అందులో వేసేది. దేవుడి పేరున్న కాగితం పారెయ్యరు, కాల్చరు. మనిషిని పూడ్చినట్టు పూడుస్తారు. మా పద్ధతి వేరు. దేవుడి బొమ్మలున్న పాత క్యాలెండర్లు, శుభలేఖలు నాయనమ్మ ఏడాదంతా దాచి, నది అవతలి దలా వెళ్లే ఫెర్రీ ఎక్కి, నది మధ్యకి వచ్చాక దణ్ణం పెట్టి నీళ్లలో వదిలేది. మీది మట్టి, మాది నీళ్లు అని ఇద్దరూ నవ్వుకున్నది గుర్తుంది. అప్పటికి ఎస్తేరమ్మకి దగ్గు పట్టింది. తను పోతే పుస్తకాన్ని తన పక్కనే పెట్టించమని నాయనమ్మని అడిగింది. యూదుల్లో మిగిలిన మగవాళ్లు ఒకరిద్దరు, వాళ్లూ ముసలివాళ్లు, వాళ్లకి గుర్తుంటుందో లేదో అంది. నాయనమ్మ చేతిలో చెయ్యేసి సరేనంది. మా నాయనమ్మ అంత తేలిగ్గా చెయ్యి వేసే మనిషి కాదు.

ఆ తరవాతి వానాకాలంలో సైనిక సర్కారు మీద ఊరు లేచింది. మొదట కాలేజీ పిల్లలు, తరవాత గుమాస్తాలు, ఓడరేవు కూలీలు, సన్యాసులు, చివరికి మా వీధి ఉల్లిపాయలవాడు కూడా జెండా పట్టుకుని వెళ్లాడు. నేను వరండా కటకటాలు పట్టుకుని ఊగిపోయేదాన్ని, నాన్న నా జడ పట్టుకుని లోపలికి లాగేవాడు. బియ్యం దొరకలేదు, రేడియోలో పాటలు తప్ప ఏమీ రాలేదు. వీధి మొదట్లో వెదుళ్లు అడ్డం కట్టి మనవాళ్లే కాపలా కాశారు. తరవాత ఆ వెదుళ్లు విరిగిన చప్పుడు, దాని వెనకాల తుపాకుల చప్పుడు. ఊరు మళ్లీ అణిగింది. సైనికులు మేడ మేడా వెతకడం మొదలుపెట్టారు. పై అంతస్తులో ఇంజనీరింగు చదివే అబ్బాయి దగ్గర సర్కారుకి వ్యతిరేకంగా అచ్చేసిన కాగితాలు దొరికాయని తీసుకెళ్లారు. ఆరోజు వీధంతా కాగితాలు కాల్చింది. ప్రతి పొయ్యిలోంచీ అదే పొగ. నల్లటి మసి వరండాల మీద, ఆరేసిన బట్టల మీద, నాయనమ్మ తులసి మీద పడింది.

పుస్తకం అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎస్తేరమ్మ మంచం పట్టాక పైకి పంపేసింది. ఎవరికీ తెలియని లిపి, కుడినుంచి ఎడమకి పోయే లిపి, అంత లావు పుస్తకం. అది దేవుడి పుస్తకమని ఎవరికి ఏ భాషలో చెప్పి నమ్మిస్తావు అన్నాడు నాన్న. ఆయన మాటలో తప్పులేదు. కొట్టు పోయిన మనిషి, భార్య పోయిన మనిషి, ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉన్న మనిషి. కాల్చెయ్యమన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. పోనీ మన పద్ధతి ప్రకారమే చేద్దాం, ఫెర్రీ తిరిగినరోజున దలా వెళ్లి మర్యాదగా గంగలో కలిపేసి వస్తాను అన్నాడు. అది మాలో ఎవరైనా ఒప్పుకునే మాట. నాయనమ్మ కూడా ఒక్క క్షణం ఆగింది. తరవాత పుస్తకం మీద చెయ్యి పెట్టి అంది.

"నీళ్లు ఒద్దురా సూరీ. అది మట్టి కోరుకున్న పుస్తకం. నాను సెయ్యేసినాను."

మట్టి ఎక్కడుంది? ఆ ప్రశ్న ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ కలిపి తెప్పిస్తుంది. మా వీధిలో పిడికెడు మట్టి లేదు. ముందు వీధి తారు, వెనక సందు సిమెంటు, మధ్యలో మురుగు. శ్మశానం ఊరికి ఆ చివర, దారిపొడుగునా సైనికులు. నాయనమ్మ ఇల్లంతా కలయజూసి వరండాలోకి నడిచింది. అక్కడ సగానికి కోయించిన నూనెడ్రమ్ములో ఆమె తులసి ఉంది. మట్టి దలా నుంచి ఫెర్రీమీద బుట్టలతో తెచ్చినది. పొద్దున్న నీళ్లు, సాయంత్రం దీపం, శుక్రవారం పసుపుకుంకాలు. నేను పట్టుకున్నాను, ఆమె మొక్కని వేళ్లతోసహా పైకి ఎత్తింది. వాన జోరుగా పడుతోంది కాబట్టి వీధిలో ఎవరూ తలెత్తి చూడలేదు. పుస్తకాన్ని, గలీబులోని ముక్కలతో సహా, తన ఉతికిన తెల్లచీర చింపి చుట్టి అడుగున పెట్టింది. మట్టి కప్పింది, తులసిని మళ్లీ నాటింది. నాన్న గుమ్మంలో నిలబడి మెట్లవైపు చెవి పెట్టి ఉన్నాడు. వెతికేవాళ్లు మర్నాడు వచ్చారు. ఇనప్పెట్టె తాడు కోసి, బట్టలన్నీ నేలమీద పోసి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కలిపారు. ఒకడు వరండాలోకి వచ్చి డ్రమ్ముకి ఆనుకుని సిగరెట్టు కాల్చి వెళ్లాడు.

వాళ్లు మేడ దిగిపోయాక నాయనమ్మ నన్ను తీసుకుని కిందకి వెళ్లింది. ఎస్తేరమ్మ కళ్లు మూసుకుని ఉంది, దగ్గడానికి కూడా ఓపిక లేదు. నాయనమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని, జరిగింది చెప్పి, కోపగించుకోకు ఎస్తేరమ్మా, ఇంకెక్కడా మట్టి లేకపోయింది అంది.

"ఆడ దీపం ఎడతావా?" అని అడిగింది ఎస్తేరమ్మ.

నాయనమ్మ తల వంచుకుంది. తులసికి దీపం పెట్టకుండా ఆమె ఒక్కరోజు గడపలేదు. పెళ్లయి ఓడమీద వస్తూ కూడా ఒక మొక్కని కొబ్బరిచిప్పలో పెట్టుకుని తెచ్చుకున్న మనిషి.

"ఒగ్గేస్తాను," అంది. "నీ పుస్తకం ఆడున్నన్నాళ్లూ దీపం ఎట్టను, బొట్టెట్టను. నీళ్లు మాత్రం పోస్తాను. మొక్క గదా, బతకాల."

ఎస్తేరమ్మ కళ్లు తెరిచి చూసింది. దుప్పటిలోంచి చెయ్యి తీసి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ తరవాత ఆమె ఎక్కువ రోజులు ఉండలేదు. పోయిన పూటే గుడినుంచి ముసలివాళ్లు వచ్చి, కర్ఫ్యూ సడలించిన కాసేపట్లోనే లారీలో తీసుకెళ్లిపోయారు. నాయనమ్మ మట్టి తవ్వబోయింది. వీధి మొదట్లోనే సైనికులు లారీని ఆపి వెతుకుతున్నారు. నాన్న ఆమె రెండు చేతులూ పట్టుకుని, అమ్మా, ఇప్పుడు ఒద్దమ్మా అని బతిమాలాడు. వేళ్లకి మట్టి అంటుకుని ఉండగానే లారీ మలుపు తిరిగింది. తన పుస్తకం లేకుండానే ఎస్తేరమ్మ వెళ్లింది. నాయనమ్మ ఆరోజు ఏడవలేదు, ఒకచోట కూర్చోనూ లేదు. నాకు ఈ జబ్బు ఎవరినుంచి వచ్చిందో అప్పుడే అర్థమైంది.

ఇల్లు ఖాళీచేస్తూ గుడివాళ్లు ఆ గాజు దీపం తెచ్చి, వత్తులు మీరే ఇచ్చేవారట కదా అని మా నాయనమ్మకే ఇచ్చారు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, కొబ్బరి కొట్టే బండ తీసుకుని, డబ్బాలోంచి ఒక మేకు వెతికి, నాన్న ఎదురుగానే గోడకి కొట్టింది. సున్నం రాలింది. బండతో కొట్టడం వల్ల మేకు కొంచెం వంకర దిగింది. దీపం దానికి తగిలించింది. నాన్న నేలమీద పోసిన బట్టల మధ్య కూర్చుని ఉన్నాడు, ఇన్ని రోజులైనా పెట్టెలో ఇంకా సర్దుకోలేదు. లేచి బట్టలు ఒక్కొక్కటే మడిచి బీరువాలో పెట్టాడు. పెట్టెలో ఆ పై ఏడాదినుంచి మేం బియ్యం పోసుకున్నాం.

దీపం మాత్రం నాయనమ్మ మళ్లీ తులసికి పెట్టలేదు. కార్తీకమాసంలో తెలుగు ఆడవాళ్లు పేరంటానికి వచ్చి, బోసిగా ఉన్న తులసిని చూసి, ఏటి అప్పలమ్మా మతం మారావా అని అడిగినా నవ్వి ఊరుకుంది. పొద్దుగూకే వేళ అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని, గుర్తొచ్చి, మళ్లీ గూట్లో పెట్టేసేది. ఎన్ని వందలసార్లు చూశానో. ఊరు చల్లబడ్డాక పుస్తకాన్ని శ్మశానానికి తీసుకెళ్లాలని ఆమె, నాన్న రెండుసార్లు వెళ్లి చూసి వచ్చారు. ఒకసారి గేటుకి తాళం. ఇంకోసారి ఆ సమాధులన్నీ తీసేసి స్థలం వేరేవాళ్లకి ఇస్తారని ఎవరో చెప్పారు. అక్కడ పెట్టి మళ్లీ తవ్వించుకోవడం ఎందుకని భయపడింది. తరవాత ఒకరోజు మట్టిలో వేలు పెట్టి చూసి, వేళ్లు పట్టేసినాయే గుంటా, ఇప్పుడు లాగితే రెండూ సస్తాయి అంది. డ్రమ్ము తనంతట తాను చెడినరోజున మట్టంతా పట్టుకెళ్లి ఎస్తేరమ్మ దగ్గర పొయ్యమని నాకు చెప్పింది. నాన్న పోయాడు, ఆమె పోయింది. డ్రమ్ము నాకు మిగిలింది. తులసి ముదిరి ఎండితే దాని విత్తనమే మళ్లీ అందులో మొలిచేది. తుప్పు పట్టినచోటల్లా తీగతో కట్టాను, రేకు అతికించాను. అంత వెర్రి ఎందుకంటే చెప్పలేను. దీపం లేని తులసికి నీళ్లు పోస్తూనే నా పెళ్లయింది, కూతురు పుట్టింది, మావారు పోయారు, కూతురు సరిహద్దు దాటింది.

లియాకి ఇదంతా చెప్పడానికి టీ రెండుసార్లు కాచాల్సి వచ్చింది. విని, లేచి వెళ్లి డ్రమ్ము అంచు మీద చెయ్యి వేసింది. మంచి పిల్ల, గట్టిగా కూడా పట్టుకోలేదు. నేను తీగ సరిచేద్దామని కొంచెం పక్కకి జరిపాను. అడుగు ఊడిపోయింది. మట్టి మొత్తం వరండా నిండా జారింది. ఇద్దరం నేలమీద కూర్చుని చేతులతో పోగుచేశాం. కాగితం లేదు, తోలు లేదు, నాయనమ్మ చీర లేదు. నల్లటి మెత్తటి మట్టి, వేళ్లు, వాటి మధ్య పచ్చబడ్డ ఇత్తడి గొళ్లేలు. లియా వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె దాచుకుంటుందేమో అనుకున్నాను. తిరిగి మట్టిలోనే వేసింది. ఆ మాత్రం తనకి తెలుసు అంది.

మట్టిని బియ్యం సంచుల్లో నింపి టాక్సీలో వేసుకున్నాం. చెక్‌పోస్టు దగ్గర సిపాయి సంచి విప్పి చెయ్యి పెట్టి చూసి, మట్టి ఎందుకని అడిగాడు. పూలమొక్కలకి అన్నాను. చెయ్యి దులుపుకుని పొమ్మన్నాడు. దారిలో లియా అడిగింది, పుస్తకంలో ఏముండేదో మీకేమైనా గుర్తుందా అని. నాకు వచ్చిన ఇంగ్లీషులో మేకు కథ చెప్పాను. చెబుతుంటే నాకే తెలిసింది, నా కథలో బాగ్దాదు మనిషి పెట్టెకి కొబ్బరితాడు కట్టి ఉంది. ఇది నిజంగా ఆ రబ్బీ చెప్పిందేనా అంది లియా. ఎస్తేరమ్మ చెప్పింది, మా నాయనమ్మ విన్నది, నాకు గుర్తున్నది, ఇందులో ఎవరిది ఎంతో నాకు తెలియదు అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, మా నాన్న ఇంట్లో ఒక్క పటం కూడా ఉండేది కాదు, గోడలన్నీ ఖాళీ, నేను అది ఆయన ఇష్టం అనుకునేదాన్ని అంది.

సమాధులు ఇంకా ఉన్నాయి. తడిగడ్డి మోకాళ్లదాకా పెరిగింది. కాపలావాళ్ల కుటుంబం లోపలే గుడిసె వేసుకుని ఉంది. ఆ ఇంటావిడే డో ఎస్తేర్, అంటే బర్మావాళ్ల నోట ఎస్తేరమ్మ, ఆమె రాయి చూపించింది. గడ్డి పీకి, రాతి పక్కన కొంచెం తవ్వి, సంచులు కుమ్మరించాం. దలా మట్టి, తులసి వేళ్లు, బాగ్దాదు పంతులుగారి అన్ని శనివారాల మాటలు. లియా ఫోనులో చూసి ఏదో ప్రార్థన చదివింది. నాకు తెలిసిన దణ్ణం పెట్టబోయి, చేతులు ఆపుకుని, ఊరికే నిలబడ్డాను. మా నాయనమ్మ చెయ్యేసిన మాట తీరింది. ఆమె లేకుండా తీరింది, అదొక్కటే బాధ. లియా ప్రయాణమైనరోజు ఆ గాజు దీపం తీసి బట్టల మధ్య చుట్టి ఆమె చేతికిచ్చాను. ఒద్దంది, మళ్లీ తీసుకుంది. వత్తులు చెయ్యడం చూపించాను. వంకర మేకు ఒక్కటి గోడకి మిగిలింది.

కొత్త బక్కెట్టులో తులసి విత్తనం వేశాను, మొలిచింది. నిన్న సాయంత్రం అగ్గిపెట్టె తీసి, ఎప్పటిలా మళ్లీ గూట్లో పెట్టబోయాను. ఇక ఆపనక్కర్లేదని అప్పుడు తట్టింది. నాయనమ్మ చేసినట్టే వత్తి చేసి, నువ్వులనూనె పోసి, ఇన్నేళ్ల తరవాత మా వరండాలో తులసికి దీపం పెట్టాను. వీధి చివర ఏదో బండి ఆగిన చప్పుడయింది, బూట్ల చప్పుడు. ఎదురింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. కూతురి దగ్గర్నుంచి ఫోను మోగుతోంది. వెలిగించిన దీపాన్ని వదిలి ఇల్లు దాటకూడదనేది నాయనమ్మ, అది కొండెక్కేదాకా మనిషి ఇంట్లో ఉండాలి. సంచిలోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టాను. మందులు గూట్లో పెట్టాను. ఖాళీ సంచిని తీసుకెళ్లి ఆ వంకర మేకుకి తగిలించి, ఫోను ఎత్తి, ఇవాళ్టికి ఇంట్లోనే ఉన్నానమ్మా అన్నాను.